ఇంటి దగ్గరి చిన్న కాఫీ షాపా, పెద్ద చెయినా? మీరు ఎటు, ఎందుకు?

తొలిపొద్దు
అందరికీ నమస్కారం. చాలాకాలంగా అడుగుదామనుకుంటున్న విషయం. నేను రోజూ ఉదయం కాఫీ బయటే తాగుతాను. దారిలోనే పెద్ద చెయిన్ షాపు ఉంది. దాన్ని దాటుకుని, రెండు సందుల అవతల ఉన్న చిన్న షాపుకి వెళ్తాను. ఆఫీసులో వాళ్లు "అంత నడిచి వెళ్లేంత ఏముంది అక్కడ?" అంటారు.

ఏముందంటే, కాఫీ బాగోకపోతే చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. మొన్న కాఫీ పుల్లగా తగిలింది, చెప్పాను. ఓనరు తనూ ఒక గుక్క తాగి చూశాడు. గ్రైండర్ మర కాస్త బిగించి, మొదట దిగిన షాట్ (ఒక కప్పుకి మెషిన్ తీసే చిక్కటి కాఫీ) పారబోసి, రెండోది చిన్న త్రాసు మీద కప్పు పెట్టి, సెకన్లు చూసుకుంటూ తీశాడు. ఆ కప్పు నాకిచ్చి, నేను తాగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత వచ్చిన వాళ్లందరికీ ఆ రోజు ఆ మార్చిన కాఫీయే వెళ్లింది.

చెయిన్‌లో ఇదే మాట చెబితే ఇంకో కప్పు ఇస్తారు. మర్యాదగానే ఇస్తారు, కాదనను. కానీ అదే మెషిన్, అదే బటన్, అదే రుచి. దాన్ని మార్చే అధికారం ఆ కౌంటర్ దగ్గర ఎవరికీ ఉండదు. నాకు ఈ తేడా చాలా పెద్దది. మీ సంగతి చెప్పండి. చెయిన్‌కి వెళ్లేవాళ్లు కూడా ఎందుకో రాయండి, తెలుసుకోవాలని ఉంది.

రెండుచెంచాలు
నేను చెయిన్ మనిషినే అండి. ఉద్యోగరీత్యా నెలలో సగం రోజులు వేరే ఊళ్లలో ఉంటాను. తెలియని ఊళ్లో తెల్లవారుజామున దిగి, కంటినిండా నిద్ర లేక, గంటలో మీటింగ్ ఉన్నప్పుడు కొత్త రుచి కోసం వెతికే ఓపిక ఉండదు. ఏం దొరుకుతుందో ముందే తెలిసిన చోటు కావాలి. శుభ్రమైన టాయిలెట్ కావాలి, ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్ కావాలి. "ఒకే రుచి" అని తీసిపారేస్తారు గానీ, వేల షాపుల్లో ఒకే రుచి నిలబెట్టడం చిన్న పనా?

పైగా చిన్న షాపులన్నీ మీ షాపులా ఉండవు తొలిపొద్దు గారూ. మాడు వాసన కొట్టే కాఫీ, ఉదయం నుంచీ మళ్లీ మళ్లీ కాచిన పాలు, అడిగితే మొహం ముడుచుకునే ఓనరు. ఇవన్నీ చూశాను. చిన్నది కాబట్టి మంచిదనుకోవడం నాకు నచ్చదు.

గింజలబస్తా
గింజలు వేయించడం నా పని కాబట్టి రెండుచెంచాలు గారు అడిగిన "ఒకే రుచి" గురించి చెబుతాను. కాఫీ పంట. ఒక ఏడాది వాన ఎక్కువ పడితే ఒక రుచి, కాయ సరిగ్గా పండకముందే కోస్తే ఇంకో రుచి. పక్కపక్క తోటల గింజలే ఒకలా ఉండవు. అలాంటి సరుకుతో ప్రపంచమంతా ఒకే రుచి రావాలంటే దారులు రెండు. చాలాచోట్ల గింజలు కలిపి తేడాలు కనబడకుండా చేయాలి, లేదా బాగా నల్లగా వేయించాలి. నల్లగా వేగేకొద్దీ గింజ సొంత రుచి తగ్గి వేపుడు రుచి పైకొస్తుంది. ఆ రుచి ఇష్టమైనవాళ్లు చాలామందే, అందులో తప్పేమీ లేదు. కాకపోతే తోట రుచి, నేల రుచి కావాలనుకునేవాళ్లకి అది అక్కడ దొరకదు.

రెండోది తాజాదనం. వేయించిన గింజ లోపల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, రోజుల తరబడి మెల్లగా బయటికొస్తుంది. సంచి మీద చిన్న వాల్వ్ పెట్టేది ఆ గాలి పోవడానికే. వేయించిన వెంటనే కంటే కొన్ని రోజులు ఆగితే రుచి కుదురుతుంది, తర్వాత కొన్ని వారాల పాటు బాగుంటుంది, ఆపైన దిగజారుతుంది. పొడి చేశాక మాత్రం వాసన చూస్తుండగానే పోతుంది, గాలి తగిలే చోటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి. దగ్గర్లోనే వేయించిన గింజలు వారం వారం తెప్పించుకునే చిన్న షాపుకి ఇక్కడ మంచి అవకాశం ఉంది. వాడుకుంటున్నారా లేదా అన్నది వేరే సంగతి.

లోపలికి వెళ్లగానే రెండు చూడండి. గ్రైండర్ మీద గింజలు పోసే పారదర్శకమైన గిన్నె లోపలి గోడకి గోధుమరంగు జిడ్డు పొరలా పట్టి ఉందా? అది గింజల నూనె. కడగకపోతే కంపు పట్టి, కొత్త గింజల్ని కూడా పాడుచేస్తుంది. తర్వాత పాలు వేడిచేసే ఆవిరి గొట్టం చూడండి. పాలు కాచిన వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదిలి లోపలి పాలు బయటికి ఊదేవాళ్ల దగ్గర నమ్మకంగా తాగొచ్చు. గొట్టం మీద ఎండిన పాలు తెల్లగా పేరుకుని ఉంటే, షాపు ఎంత ముచ్చటగా ఉన్నా నేను తాగను.

పాతకాగితాలు
తొలిపొద్దు గారు చెప్పిన మెషిన్, బటన్ సంగతి బయటివాళ్ల ఫిర్యాదే కాదు. 2007 ఫిబ్రవరిలో స్టార్‌బక్స్ ఛైర్మన్ హోవర్డ్ షుల్ట్జ్ తన సొంత అధికారులకు రాసిన లేఖ బయటికి పొక్కింది. ఆటోమేటిక్ మెషిన్లతో వేగం పెరిగింది గానీ ఆ మెషిన్ ఎత్తుకి అవతల కాఫీ కలిపే మనిషి కస్టమర్‌కి కనబడకుండా పోయాడని అందులో రాశాడు. గింజలు గాలి చొరని సంచుల్లో రావడం మొదలయ్యాక షాపులో కాఫీ వాసనే పోయిందనీ రాశాడు. మరుసటి ఏడాది జనవరిలో మళ్లీ సీఈఓగా వచ్చి, 2008 ఫిబ్రవరి 26న అమెరికాలోని సుమారు 7,100 షాపుల్ని మూడు గంటలకు పైగా మూసి, ఎస్ప్రెస్సో, అంటే మెషిన్ ఒత్తిడితో దించే చిక్కటి కాఫీ, తీయడం ఎలాగో సిబ్బందికి మళ్లీ నేర్పించాడు.

మనం ఇక్కడ చెప్పుకుంటున్న లోటు ఆ కంపెనీ పెద్దాయనకే కళ్లకు కట్టినట్టు తెలుసన్నమాట. కాకపోతే దిద్దాలంటే దేశమంతా ఒకేసారి తలుపులు మూయాల్సివచ్చింది. తొలిపొద్దు గారి షాపులో మర బిగిస్తే సరిపోయింది.

కౌంటర్‌వెనక
నేను రెండు చోట్లా పనిచేశాను, కాబట్టి కౌంటర్ ఇవతలి నుంచి రాస్తాను. ఇది ఎవరూ మాట్లాడరు.

చెయిన్‌లో ప్రతి పనికీ కొలత ఉంటుంది. సిరప్ ఎన్ని పంపులు, పాలు ఏ గీత దాకా, ఒక్కో ఆర్డర్‌కి ఎంత సమయం. రద్దీలో తల పైకెత్తడానికి ఉండేది కాదు. రోజూ వచ్చే మనిషి మొహం గుర్తున్నా రెండు మాటలు మాట్లాడే వీలు లేదు. కానీ జీతం చెప్పిన తేదీకి పడేది. షిఫ్టు అయిపోతే అయిపోయినట్టే.

తర్వాత పనిచేసిన చిన్న షాపులో చేతిపని నిజంగా నేర్చుకున్నాను. గాలిలో తేమ మారితే పొడి ఎంత మెత్తగా ఆడాలో, పాలు అరచేతికి కాల్తున్నాయనిపించే లోపే ఎలా ఆపాలో ఓనరమ్మ పక్కన నిలబడి నేర్పించింది. 60 నుంచి 65 డిగ్రీల దగ్గర పాలు తియ్యగా ఉంటాయి, 70 దాటితే ఉడుకు వాసన వస్తుంది. థర్మామీటర్ లేకుండానే ఇప్పటికీ చేత్తో చెప్పగలను. ఆమె ఎంత మంచిదో చెప్పలేను. అయినా అమ్మకాలు తగ్గిన నెలల్లో జీతం ఆలస్యమయ్యేది. జ్వరమొస్తే నా బదులు నిలబడే మనిషి లేడు.

స్టార్‌బక్స్ అమెరికాలో పార్ట్ టైమ్ వాళ్లకి కూడా 1988లోనే ఆరోగ్య బీమా మొదలుపెట్టింది. ఆ మాటా చెప్పాలి. 2021 డిసెంబరులో అమెరికాలోనే బఫలో అనే నగరంలోని ఒక స్టార్‌బక్స్ షాపు సిబ్బంది ఓటేసి యూనియన్ పెట్టుకున్నారు, ఆ మాటా చెప్పాలి. చిన్న షాపుని ఇష్టపడేవాళ్లు దయచేసి అక్కడ పనిచేసే పిల్లల సంగతి కూడా పట్టించుకోండి. టిప్ డబ్బా ఉంటే అది ఎవరికి వెళ్తుందో అడగండి. అడగడం తప్పు కాదు.

తొలిపొద్దు
కౌంటర్‌వెనక గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. టిప్ డబ్బా సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. రేపే అడుగుతాను.

లెక్కలపుస్తకం
డబ్బు ఎటు పోతుందన్నది కూడా చూద్దాం. 2004లో సివిక్ ఎకనామిక్స్ అనే సంస్థ చికాగోలోని ఆండర్సన్‌విల్ అనే పేటలో లెక్క కట్టింది. స్థానిక వ్యాపారంలో పెట్టిన 100 డాలర్లలో 68 డాలర్లు ఆ నగరపు ఆర్థిక వ్యవస్థలోనే తిరుగుతుంటే, చెయిన్‌లో పెడితే 43 మాత్రమే తిరుగుతున్నాయని తేలింది. కారణాలు సులువుగానే అర్థమవుతాయి. చిన్న షాపు అకౌంటెంటు, పెయింటరు, బోర్డు రాసేవాడు, ప్లంబరు అందరూ దగ్గరివాళ్లే. చెయిన్‌కి ఆ పనులన్నీ ప్రధాన కార్యాలయం చూసుకుంటుంది, లాభమూ అక్కడికే పోతుంది.

చూసింది ఒకే పేటలో, కొద్ది వ్యాపారాలనే. ఆ అంకెల్ని తీసుకెళ్లి ప్రతి ఊరికీ అంటించకూడదు. కాఫీ షాపు విషయంలో గింజల డబ్బు ఎలాగూ దూరానికే పోతుంది, కాఫీ పండేది భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న దేశాల్లోనే కదా. అయినా కప్పు ధరలో గింజల వాటా చిన్నది. అద్దె, జీతాలు, పాలు, కరెంటు, మెషిన్ మీద వాయిదాలు. ఎక్కువ పోయేది వీటికే.

ఇంకో సంగతి, చెయిన్ యాప్‌లో ముందుగా వేసుకునే డబ్బు. స్టార్‌బక్స్ కార్డుల్లో, యాప్‌లో కస్టమర్లు వేసి ఇంకా వాడని మొత్తం 100 కోట్ల డాలర్లు దాటి ఉంటోంది. వడ్డీ లేకుండా మనమంతా కలిసి ఇచ్చిన అప్పు అది. చిన్న షాపు ఓనరు మెషిన్ రిపేరు కోసం అప్పు చేస్తే వడ్డీ కట్టాలి.

వాలుదారి
నేను చక్రాల కుర్చీలో తిరుగుతాను. చిన్న షాపంటే నాకు ముందు కనబడేది గడప. ఆ తర్వాత రెండు మెట్లు. లోపలికి ఎలాగోలా చేరినా బల్లల మధ్య దారి ఉండదు, టాయిలెట్ తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు ఉండదు. చెయిన్ షాపులో చాలావరకు వాలుదారి ఉంటుంది, కౌంటర్ ఒక పక్కన ఎత్తు తక్కువగా ఉంటుంది. కాఫీ రుచి గురించి మీరంతా ప్రేమగా రాస్తున్నారు, చదువుతుంటే నాకూ వెళ్లాలనిపిస్తోంది. కానీ తలుపు దాటగలిగితేనే కదా ఇష్టాయిష్టాలు.

చిన్నకొట్టు
వాలుదారి గారూ, నాకు ఒక కాఫీ షాపు ఉంది. మీరు రాసింది చదివి లేచి వెళ్లి మా గడప కొలిచాను. ఒక మెట్టు. అద్దె భవనం కాబట్టి పగలగొట్టలేను, కానీ తీసి పెట్టుకునే ర్యాంప్ పెట్టొచ్చు, తలుపు పక్కన గంట పెట్టొచ్చు. యజమానితో మాట్లాడతాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.

ఇప్పుడు ఓనరుగా నా మాట. మాకు అన్నిటికంటే నష్టం చేసేది పక్కన తెరిచిన చెయిన్ కాదు, ఏమీ చెప్పకుండా రావడం మానేసిన కస్టమర్. చెయిన్‌కి సర్వేలుంటాయి, అమ్మకాల లెక్కలు చూసే మనుషులుంటారు. నాకు ఉన్నది మీ మొహం. కప్పు సగం వదిలేసి "బాగుంది" అని నవ్వి వెళ్లిపోతే, ఏం తేడా వచ్చిందో నాకు తెలిసే దారి లేదు. ఇంటికెళ్లి నెట్‌లో ఒక స్టార్ ఇచ్చేముందు నాకు ఒక్క మాట చెప్పండి. అది మీరిచ్చే బిల్లు కంటే ఎక్కువ.

డెలివరీ యాప్‌ల సంగతి కూడా తెలుసుకోండి. వాటి కమిషన్ పోయాక కొన్ని ఆర్డర్ల మీద మాకు గిట్టుబాటే కాదు. నడిచి రాగలిగితే నడిచి రండి. రాలేకపోతే షాపుకి ఫోన్ చేయండి, చాలామంది ఓనర్లు ఏదో ఒక ఏర్పాటు చేస్తారు.

మూలబల్ల
చిన్నకొట్టు గారూ, ఒకటి సూటిగా అడుగుతాను. నేను ఇంటి నుంచి పనిచేస్తాను. ఇంట్లో ఒంటరితనం భరించలేక లాప్‌టాప్ పట్టుకుని కాఫీ షాపుకి వెళ్తాను. చెయిన్‌లో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు. చిన్న షాపులో గంట దాటితే నాకే ఇబ్బందిగా ఉంటుంది. ఎంతసేపు కూర్చుంటే మీకు బరువు కాదు?

చిన్నకొట్టు
వేళని బట్టి ఉంటుందండి. మధ్యాహ్నం నాలుగు బల్లలు ఖాళీగా ఉన్నప్పుడు మీరు సాయంత్రం దాకా కూర్చున్నా నాకు సంతోషమే. లోపల మనిషి ఉంటే దారినపోయేవాళ్లు కూడా లోపలికొస్తారు. ఉదయం రద్దీలో నలుగురు కూర్చునే బల్ల మీద ఒక్కరు, ఒక్క కప్పుతో రెండు గంటలు ఉంటే మాత్రం ఆ రోజు లెక్క తప్పుతుంది. నిలబడి ఉన్నవాళ్లు కనబడితే చిన్న బల్లకి మారండి, లేదా ఇంకోటి ఆర్డర్ చేయండి. చాలు. అడిగినందుకే మీరు మా షాపులో ఎంతసేపైనా కూర్చోవచ్చు.

పాతకాగితాలు
మూలబల్ల గారు చెప్పిన ఒంటరితనం దగ్గర కాసేపు ఆగాలనిపిస్తోంది. కాఫీ షాపు పుట్టిందే దీనికోసం. ఇల్లు ఒకటి, పనిచోటు రెండు, ఈ రెండూ కాకుండా మనుషులు పనేమీ లేకపోయినా కలిసే మూడో చోటు సమాజానికి కావాలని అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వాదించాడు. హోదా చూడరు, మాటే ముఖ్యం, రోజూ వచ్చేవాళ్లే ఆ చోటుకి ప్రాణం అన్నాడు. ఆ మూడో చోటు మాటను తర్వాత స్టార్‌బక్స్ తన ప్రచారంలోకి తీసుకుంది. 2018లో ఏమీ కొనకపోయినా కూర్చోవచ్చని అమెరికా షాపులకు నియమం పెట్టి, 2025 జనవరిలో ఎత్తేసింది. ఒక్క ఆఫీసులో తీసుకున్న నిర్ణయంతో వేల షాపుల్లో కుర్చీల నియమం మారిపోయింది. చిన్నకొట్టు గారు మాత్రం ఇప్పుడే మన కళ్ల ముందు ఒక కస్టమర్‌తో మాట్లాడి తన నియమం చెప్పారు. నేను చిన్న షాపు వైపు ఉండేది ఇందుకే.

కాఫీ షాపుల్లో జనం కూడితే ప్రభుత్వాలు భయపడిన రోజులున్నాయి. 1675 డిసెంబరు చివర్లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ కాఫీహౌసులన్నీ మూసేయాలని ప్రకటన ఇచ్చాడు. అక్కడ కూర్చుని జనం తన ప్రభుత్వాన్ని తూలనాడుతున్నారన్నది ఆయన బాధ. వ్యతిరేకత ఎంత వచ్చిందంటే, అమల్లోకి రాకముందే వెనక్కి తీసుకున్నాడు. ఆ శతాబ్దం చివర్లోనే లండన్‌లో ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీహౌసులో ఓడల యజమానులు, వ్యాపారులు కూర్చుని ఓడల కబుర్లు చెప్పుకునేవాళ్లు. లాయిడ్స్ బీమా మార్కెట్ అక్కడి నుంచే వచ్చింది.

నడకదారి
నాదొక ప్రశ్న. "చిన్నది" అని ఎలా తెలుస్తుంది? బ్లూ బాటిల్ అనే కాఫీ కంపెనీ 2002లో అమెరికాలోని ఓక్లండ్‌లో చిన్నగా మొదలైంది, 2017లో నెస్లే అందులో మెజారిటీ వాటా కొనేసింది. స్టంప్‌టౌన్ అనే ఇంకో కాఫీ కంపెనీని 2015లో పీట్స్ అనే పెద్ద కాఫీ చెయిన్ కొంది. గోడకి ఇటుకలు, చేతిరాత మెనూ, గోనెసంచులు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇంకోవైపు, నాలుగు షాపులున్నా ప్రతి షాపుకీ ఓనరు రోజూ వచ్చి పోయే కుటుంబాలూ ఉన్నాయి.

చెయిన్ వస్తే చిన్న షాపులు తుడిచిపెట్టుకుపోతాయన్నది కూడా అన్నిచోట్లా నిజం కాదు. స్టార్‌బక్స్ ఆస్ట్రేలియాలో 2000లో అడుగుపెట్టి, 2008లో ఉన్న 84 షాపుల్లో 61 మూసేసింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన ఇటాలియన్లు, గ్రీకులు అప్పటికే పేటపేటకీ ఎస్ప్రెస్సో అలవాటు చేశారు. జనానికి మంచి కాఫీ తెలుసు, పోసే మనిషీ తెలుసు. అలాంటి చోట కొత్త బోర్డు చూసి ఎవరు వెళ్తారు?

తొలిపొద్దు
నడకదారి గారూ, నా గీటురాయి ఒకటే. కాఫీ బాగోలేదంటే మార్చగల మనిషి అక్కడ ఉన్నాడా? లేకపోతే ఈ వారంలో వస్తాడా? ఉంటే నాలుగు షాపులున్నా నాకు అది ఇంటి దగ్గరి షాపే. లేకపోతే ఒక్కటే ఉన్నా కాదు.

రెండుచెంచాలు
ఇంతమంది చెప్పాక మా ఇంటి దగ్గరి షాపుకి వెళ్లి చూడాలనిపిస్తోంది, ప్రయాణాల్లో మాత్రం నా చెయిన్ నాకు కావాలి. కానీ ఒకటి చెప్పండి. కాఫీ బాగోలేదని తెలుస్తుంది గానీ ఏం బాగోలేదో చెప్పడం నాకు రాదు. ఊరికే "బాగోలేదు" అంటే ఓనరు నొచ్చుకుంటాడేమో.

గింజలబస్తా
సులువండీ. నాలుక అంచుల్ని గుంజే పులుపు ఉంటే "పుల్లగా ఉంది" అనండి. పొడిలోని రుచి నీళ్లలోకి పూర్తిగా దిగలేదని అతనికి అర్థమవుతుంది, పొడి మెత్తగా చేస్తాడు. గొంతులో పట్టుకుని వదలని చేదు, నోరెండిపోవడం ఉంటే "చేదు ఎక్కువైంది" అనండి. మరీ ఎక్కువ దిగిందని అర్థం, పొడి బరక చేస్తాడు. ఎస్ప్రెస్సో మామూలుగా 18 గ్రాముల పొడితో 36 గ్రాముల దాకా కాఫీ, 25, 30 సెకన్లలో దిగేలా చూసుకుంటారు. అందులో ఏది తప్పినా ఈ రెండింట్లో ఒకటి తగులుతుంది. రెండూ కాకుండా చప్పగా, అట్టముక్క వాసనలా ఉంటే గింజలు పాతవి. "ఇవి ఎప్పుడు వేయించినవి?" అని అడగండి. తేదీ చెప్పలేకపోతే మీకు సగం తెలిసిపోయినట్టే.

పాలు కాలిపోతుంటే "కొంచెం వేడి తగ్గించండి" చాలు. తాగడం అంతా అయ్యాక కాకుండా, మొదటి రెండు గుక్కల్లోనే చెప్పండి. ఆ షాట్ తీసిన అమరిక మెషిన్ మీద అప్పటికింకా మారి ఉండదు.

కౌంటర్‌వెనక
దీనికి ఒకటి కలుపుతాను. చెప్పేది కాఫీ తీసిన మనిషికే చెప్పండి, మెల్లగా, అతని పక్కకి వెళ్లి. ఓనరు ముందు గట్టిగా అంటే ఆ పిల్లవాడికి చివాట్లు పడతాయి. అతనికే చెబితే మాత్రం తర్వాతి కప్పు మీకోసం ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తాడు, మీ పేరూ గుర్తుపెట్టుకుంటాడు.

చిన్నకొట్టు
వాలుదారి గారికి: యజమాని ర్యాంప్‌కి ఒప్పుకున్నారు. మడిచి పక్కన పెట్టే అల్యూమినియం రకం చూస్తున్నాను. ఒక మెట్టు ఎత్తుకి ఎంత పొడవుంటే మీకు ఎక్కడం తేలికో చెప్పగలరా? అమ్మేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో కొలత చెబుతున్నారు.

వాలుదారి
చాలా సంతోషమండీ. ఎత్తుకి పన్నెండు రెట్లు పొడవు ఉంటే ఎవరి సాయం లేకుండా ఎక్కొచ్చు. మెట్టు 15 సెంటీమీటర్లయితే 180 సెంటీమీటర్ల ర్యాంప్ కావాలి. అంతకంటే పొట్టిది కొంటే వెనక్కి దొర్లే ప్రమాదం ఉంటుంది, వెనక ఎవరో తోయాలి. పైన తలుపు ముందు కుర్చీ నిలబడేంత చదును ఉందో లేదో కూడా చూడండి, తలుపు బయటికి తెరుచుకునేదైతే మరీ ముఖ్యం. మెట్టు ఫోటో పెడితే ఇంకా వివరంగా చెబుతాను.